నాలుగుసార్లు టైఫాయిడ్ వచ్చిందన్న ఇల్లు: ఒక కేస్ స్టడీ

(ఇంటినీ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాం.)

నేపథ్యం

ఇంట్లో ఆరుగురు. 66 ఏళ్ళ నాయనమ్మ, ఆవిడ పెద్దకొడుకు, కోడలు, పెళ్ళికాని చిన్నకొడుకు, ఇద్దరు పిల్లలు. అబ్బాయికి 19, అమ్మాయికి 16. జ్వరంతో వచ్చింది అబ్బాయి. వాళ్ళమ్మ తెచ్చిన ఫైలు మాత్రం ఇంటిల్లిపాదిదీ. "పదకొండు నెలల్లో మా ఇంట్లో ఇది నాలుగో టైఫాయిడ్ డాక్టరుగారూ. నీళ్ళ ఫిల్టరు కొన్నాం, బయట తినడం మానేశాం. ఇంకేం చెయ్యాలి?" అని అడిగారామె.

జవాబు చెప్పాలంటే ముందు ఆ నాలుగింటిలో ఎన్ని నిజంగా టైఫాయిడో తేలాలి. లేకపోతే లేని జబ్బుకు మూలం వెతుకుతూ కూర్చుంటాం.

మొదటిది తండ్రిది. జ్వరం వచ్చిన రెండో రోజునే స్లైడ్ వైడల్ అనే రక్తపరీక్ష చేశారు, 'ఓ' 1:160, అంటే 'పాజిటివ్' వచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన మర్నాటికే జ్వరం పోయింది. ఇది టైఫాయిడ్ కాకపోయే అవకాశమే ఎక్కువ. వైడల్ పరీక్ష క్రిమిని చూడదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తుంది. అవి లెక్కకు అందేంత పెరగడానికి సాధారణంగా వారం దాకా పడుతుంది. రెండో రోజునే కనిపించాయంటే అవి పాతవి అయ్యుండాలి: ఎప్పుడో సోకిన టైఫాయిడ్‌వో, దాని చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాలవో. మలేరియా లాంటి జ్వరాల్లో కూడా వైడల్ తప్పుగా పాజిటివ్ కావచ్చు. పైగా సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం ఒక్క రోజులో దిగదు. 1896 నాటి ఈ పరీక్షను వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే కొంత ఉపయోగం ఉంటుంది. ఒక్కసారి చేసి 'పాజిటివ్' అని రాసిచ్చిన కాగితానికి అంత బలం లేదు.

రెండోది, మూడోది అమ్మాయివి. ఐదు నెలల కిందట ఎనిమిది రోజుల జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫి పెరిగింది. ఇది నిఖార్సయిన టైఫాయిడ్. సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజులు ఇచ్చి ఇంటికి పంపారు. జ్వరం తగ్గిన 18వ రోజున మళ్ళీ వచ్చింది, మళ్ళీ 'టైఫాయిడ్' అన్నారు. దీన్ని కొత్తగా సోకిన జబ్బు అనుకోనక్కర్లేదు. మొదటిదే తిరగబెట్టింది. చికిత్స పొందినవాళ్ళలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి, జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు ఇలా తిరగబెడుతుంది. మందు తక్కువ రోజులు పడితే ఆ అవకాశం పెరుగుతుంది.

అలా మా లెక్కలో నాలుగు కాస్తా రెండయ్యాయి: ఐదు నెలల కిందట అమ్మాయి, ఇప్పుడు బహుశా అబ్బాయి. ఈ వడపోతకు అరగంట పట్టింది. తర్వాత మూలాన్ని పట్టుకోగలిగామంటే ఈ అరగంట వల్లే.

వచ్చినప్పటి పరిస్థితి

జ్వరం ఆరో రోజు. మెట్లు ఎక్కినట్టు రోజురోజుకూ పెరిగి, సాయంత్రాలు 103.6 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళుతోంది. అంత జ్వరంలోనూ నాడి నిమిషానికి 88 మాత్రమే. తలనొప్పి, ఆకలి లేకపోవడం, మొదటి మూడు రోజులు మలబద్ధకం, తర్వాత రెండుసార్లు పలుచని విరేచనం. టైఫాయిడ్ అంటే విరేచనాలేనన్న నమ్మకం చాలామందిలో ఉంది. పెద్దవాళ్ళలో మలబద్ధకంతో మొదలవడం మామూలే. నాలుక మధ్యలో తెల్లటి మందమైన పూత, అంచులు ఎర్రగా. ప్లీహం వేలి మందం తగులుతోంది. కడుపు మెత్తగానే ఉంది, కుడివైపు కింద నొక్కితే కొద్దిగా నొప్పి. ఆ రోజు నాలుగుసార్లు వాంతి చేసుకున్నాడు.

చిక్కేమిటంటే, మూడో రోజు నుంచే మందుల షాపులో అడిగి సెఫిక్సిమ్ 200 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వాడుతున్నాడు. ఆరు మాత్రలు అప్పటికే లోపలికి వెళ్ళాయి, వాటిలో ఎన్ని వాంతిలో పోయాయో ఎవరికీ తెలియదు.

మొదటి నిర్ణయం: రక్తం ఎంత తీయాలి

యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్ ఎందుకు, వైడల్ చేసి మందు మొదలుపెడదాం అన్న ఆలోచన ఇక్కడే వస్తుంది. దానికి మేము ఒప్పుకోలేదు. క్రిమి చేతికి దొరికితేనే అది ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. చెల్లెలి క్రిమీ అన్న క్రిమీ ఒకటేనా అన్నది కూడా దానివల్లే తేలాలి.

టైఫాయిడ్‌లో ఒక మిల్లీలీటరు రక్తంలో సగటున ఒక్క క్రిమి కూడా ఉండదు. రెండు మి.లీ. తీసి సీసాలో వేసి, ఏమీ పెరగలేదంటే అది జబ్బు లేదన్న రుజువు కాదు, వల చిన్నదని అర్థం. అన్నీ సరిగ్గా చేసినా బ్లడ్ కల్చర్ పట్టుకునేది సుమారు 40 నుంచి 60 శాతం కేసులనే. ముందే మందు పడితే ఇంకా తగ్గుతుంది. అందుకే రెండు చేతుల నుంచి చెరో 10 మి.లీ., యాంటీబయాటిక్‌ను పీల్చుకునే రెసిన్ ఉన్న రెండు సీసాల్లోకి తీశాం. తర్వాతి డోసు పడకముందే తీశాం. సూది గుచ్చేచోట ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాం. ఆరకముందే గుచ్చితే చర్మం మీది క్రిములు సీసాలోకి వెళ్ళి రిపోర్టును తికమక చేస్తాయి. సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకుండా నేరుగా ల్యాబ్‌కు పంపాం.

ఎముక మజ్జ కల్చర్ మందు పడ్డాక కూడా 80 శాతానికి పైగా పట్టుకుంటుంది. కానీ నొప్పితో కూడిన పని, మొదటి రోజే అవసరం రాలేదు.

వీటితోపాటు మలేరియా స్మియర్, డెంగీ ఎన్‌ఎస్1, మూత్ర పరీక్ష, లివర్ పరీక్షలు చేశాం. తెల్లకణాలు 4,100, వాటిలో ఒక రకమైన ఇయోసినోఫిల్స్ సున్నా, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు, లివర్ పరీక్షల్లో ఒకటైన ఏఎల్‌టీ 96. మలేరియా, డెంగీ లేవు. ఇయోసినోఫిల్స్ పూర్తిగా మాయమవడం టైఫాయిడ్‌లో తరచు కనిపిస్తుంది. రుజువు కాదు కానీ మొగ్గు చూపే గుర్తు, ఖర్చు లేని గుర్తు.

రెండు సీసాల్లో ఒక్కదాంట్లోనే క్రిమి పెరిగింది, అదీ 41 గంటలకు. ఒకే సీసా తీసివుంటే 'నెగెటివ్' రిపోర్టు చేతికొచ్చి ఉండేదేమో.

రెండో నిర్ణయం: ఏ మందు, ఎన్ని రోజులు

వాంతుల వల్ల మాత్రలు నిలవవు కాబట్టి చేర్చుకుని ఇంజెక్షన్ మొదలుపెట్టాం. ఏ మందు అన్నదానికి చెల్లెలి సెన్సిటివిటీ రిపోర్టు (క్రిమి ఏ మందులకు లొంగుతుందో చెప్పేది) దారి చూపింది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు రెసిస్టెన్స్ ఉంది. సెఫ్ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయి. క్లోరాంఫెనికాల్ కూడా పనిచేస్తుందని ఉంది. 1948లో టైఫాయిడ్ మరణాలను ఒక్కసారిగా తగ్గించిన మందు ఇదే. 1972 నాటికి దానికి లొంగని క్రిములు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. వాడకం తగ్గిన చాలాచోట్ల మళ్ళీ లొంగుతోంది. అయినా ఎముక మజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి మా మొదటి ఎంపిక కాదు. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో మొదలైన రకం సెఫ్ట్రయాక్సోన్‌కు కూడా లొంగదు, అందుకే ప్రయాణాల గురించి కూడా అడిగాం. ఇంట్లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. సెఫ్ట్రయాక్సోన్ 2 గ్రాములు, రోజుకొకసారి, నరంలోకి.

మూడో రోజు సాయంత్రం 102.8. ఇంటివాళ్ళలో కంగారు మొదలైంది. మందు పనిచేయట్లేదు, మార్చండి అన్నారు. ఇలాంటి కేసుల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఈ ఘట్టంలోనే. టైఫాయిడ్ క్రిమి మన రక్షణ కణాల లోపల దాక్కుంటుంది. సెఫ్ట్రయాక్సోన్ కణాల్లోకి అంత బాగా వెళ్ళదు. అందుకే క్రిమి లొంగేదైనా జ్వరం దిగడానికి ఐదు నుంచి ఏడు రోజులు పట్టడం మామూలే. మూడో రోజే మందు మార్చితే, కొత్త మందు వల్ల తగ్గిందో పాతదాని వల్లో ఎప్పటికీ తెలియదు. అవసరం లేని మందు ఒకటి ఒంట్లో పడుతుంది కూడా.

రోజులో అత్యధికంగా ఎంత ఉందో ఒక్కటే కాగితం మీద వరుసగా రాసి ఇంటివాళ్ళకు చూపించాం: 103.6, 103.4, 102.8, 102, 100.8, 99.4. ఒక్కో పూటను విడిగా చూస్తే జ్వరం అలాగే ఉన్నట్టుంటుంది. వరుసలో చూస్తే దిగుతున్న మెట్లు కనపడతాయి. ఆరో రోజుకు జ్వరం పోయింది. ఈలోగా సెన్సిటివిటీ వచ్చింది. ప్రతి మందు దగ్గరా చెల్లెలి రిపోర్టులో ఉన్నదే ఉంది.

మొత్తం 14 రోజులు ఇచ్చాం. అమ్మాయికి ఏడు రోజులతో తిరగబెట్టింది కాబట్టి అబ్బాయికి తగ్గించడానికి కారణం కనిపించలేదు. చివరి రోజుల ఇంజెక్షన్లు ఇంటి దగ్గరలోనే వేయించుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు వాళ్ళమ్మకు నాలుగు మాటలు కాగితం మీద రాసిచ్చాం. టైఫాయిడ్‌లో చిన్నపేగు చివర ఉండే లింఫ్ గడ్డలు వాచి పుండ్లవుతాయి. మూడో వారంలో అవి చిట్లి రక్తం కారవచ్చు, పేగుకు చిల్లు పడవచ్చు. కాబట్టి ఉన్నట్టుండి కడుపునొప్పి, కడుపు బిగుసుకోవడం, నల్లటి లేదా రక్తంతో కూడిన విరేచనం, జ్వరం పడిపోతూ నాడి వేగం పెరగడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకూడదు. జ్వరం తగ్గింది కదా అని సంతోషించే రోజుల్లోనే ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. తిండి మానిపించాల్సిన పని లేదని కూడా రాశాం. మెత్తగా, తేలిగ్గా అరిగేది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు.

ఎక్కడ దారి తప్పాం

చికిత్స అంతవరకూ సాఫీగానే నడిచింది. మూలం వెతకడంలో మాత్రం మొదట తప్పటడుగు వేశాం.

ఇద్దరి క్రిముల సెన్సిటివిటీ ఒకే తీరుగా ఉంది. ఇద్దరికీ ఒకే చోటి నుంచి వచ్చి ఉండవచ్చు. ఫైలులో నాయనమ్మ పాత స్కానింగ్ రిపోర్టు ఒకటి కనిపించింది: పిత్తాశయంలో రాళ్ళు. ఇంట్లో వంట ఆవిడదే. అన్నీ అతికినట్టు సరిపోయాయి. టైఫాయిడ్ సోకినవాళ్ళలో 1 నుంచి 5 శాతం మంది ఏడాది దాటినా ఏ బాధా లేకుండా మలంలో క్రిమిని విసర్జిస్తూనే ఉంటారు. ఆడవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళలో ఇది ఎక్కువ. రాళ్ళ మీద క్రిమి జిగురుపొరలా పేరుకుని మందులకు అందకుండా ఉంటుంది. తనకు ఏ బాధా లేకుండానే వండిపెట్టిన ఇళ్ళవాళ్ళకు టైఫాయిడ్ అంటించిన అమెరికా వంటమనిషి మేరీ మాలన్‌ను 1907లో జార్జ్ సోపర్ అనే పరిశోధకుడు ఇలాగే కనిపెట్టాడని వైద్యం చదివినవాళ్ళందరికీ తెలుసు. ఆ కథ ఎంత బలంగా నాటుకుపోయిందంటే, రాళ్ళు, వంట అన్న రెండు మాటలు పక్కపక్కన కనిపించేసరికి మిగతా ప్రశ్నలు వెనక్కి వెళ్ళిపోయాయి.

ఆవిడ మలాన్ని మూడుసార్లు, వారం వారం తేడాతో కల్చర్ చేయాలని చెప్పాం. ఇలా బాధ లేకుండా క్రిమిని మోసేవాళ్ళు, అంటే క్యారియర్లు, రోజూ ఒకేలా విసర్జించరు, ఒక్క నెగెటివ్ చాలదు. క్రిములను పెంచే మామూలు మీడియాతోపాటు, మిగతా క్రిములను అణచి సాల్మొనెల్లాను పెరగనిచ్చే సెలనైట్ బ్రాత్‌లో కూడా వేయమని ల్యాబ్‌ను అడిగాం. పరీక్ష వరకూ అంతా సరైనదే. చెప్పిన తీరే తప్పు. ఆవిడ ఒక్కరి పేరే రాసి, కారణం కోడలికి వివరించి పంపాం. ఆ సాయంత్రం నుంచి ఆవిడను వంటింట్లోకి రానివ్వలేదు. ఆవిడ కంచం, గ్లాసు విడిగా పెట్టారు. రెండో వారం నమూనా ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ అన్న మాట ఇది: "వీడికి పుట్టినప్పటి నుంచి నా చేత్తోనే తినిపించాను బాబూ. నా చేతిలోనే ఉందంటారా ఇదంతా?"

మూడు కల్చర్లూ నెగెటివ్.

రెండో తప్పు నీటి నమూనాది. ఇంటివాళ్ళు వంటింటి ఆర్‌వో ఫిల్టరు నుంచి సీసా నింపి ఇచ్చారు, ల్యాబ్ 'తాగడానికి అనువైనవి' అంది. తర్వాత సంపు నుంచి తీశారు, అదీ బాగానే ఉంది. ముందురోజే అందులో బ్లీచింగ్ పౌడర్ కలిపారని తర్వాత తెలిసింది. ఈ రెండు కాగితాలూ చూసి నీళ్ళను పక్కన పెట్టేశాం. అసలు పరీక్షించాల్సిన నీళ్ళు ఆ రెండు సీసాల్లోనూ లేవు.

దారి దొరికింది ఎలా

మళ్ళీ మొదటి నుంచి, ఈసారి క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. క్రిమి లోపలికి వెళ్ళాక జ్వరం రావడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు, ఎప్పుడైనా నెల దాకా పడుతుంది. అమ్మాయికి జ్వరం మొదలైన తేదీ నుంచి, అబ్బాయికి మొదలైన తేదీ నుంచి అన్ని రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజుల్లో ఏం జరిగిందో అడిగాం. ఫంక్షన్లు లేవు, ప్రయాణాలు లేవు. చిన్నకొడుకుకు ఒక విషయం గుర్తొచ్చింది. రెండుసార్లూ వీధిలో పైపు తవ్వారు, రెండేసి రోజులు నీళ్ళు ఆగి మళ్ళీ వదిలారు. ఫోన్‌లో ఆ గుంత ఫోటోలున్నాయి, వాటిమీద తేదీలున్నాయి. అమ్మాయికి నీళ్ళు వదిలిన 11వ రోజున జ్వరం, అబ్బాయికి 9వ రోజున. తండ్రి జ్వరాన్ని కూడా ఈ లెక్కలో కలిపి ఉంటే ఈ పోలిక చెదిరిపోయేది.

అప్పుడు అడిగాం, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరికైనా వారం దాటిన జ్వరం వచ్చిందా? అదే పైపు మీదున్న రెండిళ్ళలో వచ్చింది. ఒకరికి కల్చర్ పాజిటివ్. వాళ్ళెవరూ ఈ ఇంటి వంట తిన్నవాళ్ళు కాదు.

నీళ్ళు రోజుకు గంటన్నర మాత్రమే వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీగా, ఒత్తిడి లేకుండా ఉంటుంది. పైపు ఒకచోట మురుగు కాలువ అడుగు నుంచి వెళుతోంది, అక్కడ అతుకు వదులైంది. నీళ్ళు ఒత్తిడితో పారుతున్నంతసేపూ ఆ సందులోంచి మంచినీళ్ళు బయటికి కారతాయి. ఖాళీగా ఉన్నప్పుడు మురుగు లోపలికి ఊరుతుంది. దీనికి తోడు ధార సన్నగా వస్తోందని ఈ ఇంట్లోనూ, పక్కిళ్ళలోనూ మోటారును నేరుగా వీధి పైపుకే బిగించారు. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి సున్నా కంటే కిందికి పోతుంది. అప్పుడు అతుకు దగ్గరున్న మురుగు ఊరడం కాదు, పీల్చుకున్నట్టే లోపలికి వస్తుంది.

మరి తాగేది ఆర్‌వో నీళ్ళే కదా? ఇంట్లో నీళ్ళు ఎక్కడెక్కడ నోటి దాకా వెళతాయో ఒక్కొక్కటే రాయమన్నాం. తాగడానికి ఫిల్టరు నీళ్ళు. పెరట్లో వీధి పైపు నుంచి నేరుగా వచ్చే కుళాయి ఒకటుంది. పిల్లలిద్దరూ పొద్దున నీళ్ళు రాగానే అక్కడే పళ్ళు తోముకుని పుక్కిలిస్తారు. పచ్చిగా తినే కూరగాయలు, పండ్లు కడిగేదీ, గ్లాసులు తొలిచేదీ ఆ కుళాయి దగ్గరే. నాయనమ్మ మాత్రం పొద్దున వేడినీళ్ళతోనే నోరు కడుక్కుంటారు, కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతారు. వంటచేసే ఆవిడకు రాకుండా పిల్లలకే రావడం మొదట ఆవిడ మీద అనుమానాన్ని పెంచింది. అసలు కారణం ఇదీ.

ఈసారి నమూనా పెరటి కుళాయి నుంచి, నీళ్ళు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో తీశాం. మామూలుగా కాసేపు నీళ్ళు వదిలేసి తీయమంటారు. మేము వెతుకుతున్నది ఆ మొదటి నీళ్ళనే కాబట్టి వదల్లేదు. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరిలైజ్ చేసిన సీసాలోకి పట్టాం. ఆ రసాయనం నీటిలోని క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు సీసాలోనే క్రిములు చచ్చి, ఫలితం శుభ్రంగా కనిపిస్తుంది. పక్కనే తెల్లటి బేసిన్‌లో పట్టిన నీళ్ళు చూడటానికి తేటగానే ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం సన్నగా బురద వాసన. నీళ్ళలో క్లోరిన్ ఉంటే గులాబీ రంగు చూపే డీపీడీ పరీక్షలో మొదటి ఐదు నిమిషాల నీళ్ళలో క్లోరిన్ లేదు, గులాబీ రంగు రానే లేదు. ఇరవై నిమిషాల తర్వాత పట్టిన నీళ్ళలో లీటరుకు 0.3 మి.గ్రా. మలం కలిసిన నీళ్ళు పోస్తే నల్లబడే హెచ్2ఎస్ సీసా ఒకటి ఇంట్లో పెడితే, 18 గంటలకు నల్లబడింది. ల్యాబ్‌లో ఇ.కోలై పెరిగింది.

నీళ్ళలో టైఫాయిడ్ క్రిమి మాత్రం దొరకలేదు. అది దొరకడం అరుదు. జ్వరం వచ్చి మనం వెతికే నాటికి, నెలలోపే అయినా, ఆ నీళ్ళు ఎప్పుడో పారిపోయి ఉంటాయి. ఇ.కోలై ఉందంటే మలం కలుస్తోందని అర్థం. టైఫాయిడ్ మనుషులకు మాత్రమే వచ్చే జబ్బు, మనిషి మలమూత్రాల నుంచే రావాలి. మురుగు కలిసే దారి కనిపించాక క్రిమి చేతికి దొరికేదాకా ఆగడం సరికాదు.

ఏం మార్చారు

మోటారును వీధి పైపు నుంచి తీసేశారు. నీళ్ళు వాటంతట అవే సంపులోకి పడతాయి, మోటారు సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కిస్తుంది. సంపులోకి వచ్చే పైపు చివర నీటిమట్టానికి పైనే ఉండేలా కత్తిరించారు. మునిగి ఉంటే సంపులోని నీళ్ళు వెనక్కి లాగబడే ప్రమాదం ఉంది. నీళ్ళు రాగానే మొదటి 15 నిమిషాలు బయటికి వదిలేస్తారు. పెరటి కుళాయిని పైట్యాంకు లైనుకు కలిపారు.

సంపు శుద్ధి మొదటిసారి కుదరలేదు. 3,000 లీటర్ల సంపు. లీటరుకు 2 మి.గ్రా. చొప్పున 6 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే 24 గ్రాములు. అంతే వేశారు, అరగంట తర్వాత చూస్తే క్లోరిన్ సున్నా. మర్నాడు రెట్టింపు వేస్తే వాసన భరించలేక మొత్తం మానేశారు. లోపం రెండు చోట్ల ఉంది. పౌడర్ సంచి నెలల తరబడి మూతి విప్పి ఉంది. గాలి, తేమ, వెలుతురు తగిలితే బలం పోతుంది, అందువల్ల ఏ లెక్కా కుదరదు. రెండోది సంపు అడుగున బెత్తెడు బురద. అందులోని సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను తినేస్తుంది, ఆ కలయికలోంచే ఘాటు వాసన కూడా వస్తుంది.

కాబట్టి ముందు ఖాళీ చేసి, బురద ఎత్తి, గోడలు బ్రష్‌తో రుద్దారు. నింపి, లీటరుకు 50 మి.గ్రా. లెక్కన, అంటే కొత్త పౌడర్ 600 గ్రాములు కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున ఆ నీళ్ళు పారబోశారు. మళ్ళీ నింపి 24 గ్రాములు. పౌడర్‌ను నేరుగా చల్లకూడదు. బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, తర్వాత పలచన చేసి, పావుగంట తేరనిచ్చి, పైతేట మాత్రమే సంపులో పోయాలి. అడుగున మిగిలేది సున్నం. ముక్కుకు గుడ్డ, చేతికి గ్లౌజు ఉండాలి. అరగంట తర్వాత 0.5, సాయంత్రం కుళాయి దగ్గర 0.2 వచ్చింది. ఈ రెండు అంకెలే రోజూ చూసుకోవాల్సినవి. పళ్ళు తోముకోవడానికీ, పచ్చివి కడగడానికీ కూడా తాగే నీళ్ళే వాడమన్నాం. కాచేవాళ్ళకు నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు.

టీకా విషయంలో ఒక వరుస పాటించాం. పెద్దవాళ్ళలో క్యారియర్లను వెతకడానికి వాడే వీఐ యాంటీబాడీ పరీక్ష ఒకటుంది. టైఫాయిడ్‌కు వేసే కాంజుగేట్ టీకా వేస్తే ఆ యాంటీబాడీలే పెరుగుతాయి, తర్వాత ఆ పరీక్ష పనికిరాదు. కాబట్టి ఇంట్లో అందరి పరీక్షలూ అయ్యేదాకా ఆగాం. ఈసారి 'అందరి' అన్న మాట గట్టిగా చెప్పాం. కోలుకున్న అమ్మాయితో సహా ఆరుగురివీ మలం కల్చర్లు చేయించాం. టైఫాయిడ్ తగ్గినవాళ్ళలో కొంతమంది మూడు నెలల దాకా క్రిమిని విసర్జిస్తారు. ఇంట్లో ఎవరిలోనూ లేదు. ఉండుంటే, లొంగే క్రిమి అయితే సిప్రోఫ్లాక్సాసిన్ 750 మి.గ్రా. రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు ఇచ్చేవాళ్ళం. ఈ ఇంటి క్రిమి ఆ మందుకు లొంగదు కాబట్టి వేరే దారి ఆలోచించాల్సి వచ్చేది.

కాంజుగేట్ టీకా ఒక్క డోసు, 0.5 మి.లీ., కండరంలోకి. ఆరు నెలల పిల్లల నుంచి వేయొచ్చు. నేపాల్, మలావీ, బంగ్లాదేశ్ ట్రయల్స్‌లో పిల్లలకు సుమారు 80 శాతం రక్షణ ఇచ్చింది. ఒకసారి టైఫాయిడ్ వచ్చినంత మాత్రాన జీవితాంతం రక్షణ ఉండదు కాబట్టి పిల్లలిద్దరికీ కూడా చెప్పాం. అబ్బాయికి కోలుకున్న ఆరు వారాలకు వేశాం. టైఫాయిడ్ లాంటిదే అయిన పారాటైఫాయిడ్ మీద ఈ టీకా పనిచేయదు. మురుగు కలిసే పైపును అలాగే వదిలేసి టీకా వేస్తే మిగతా జబ్బులన్నిటికీ తలుపు తెరిచే ఉంటుంది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

మొదటి రోజు అడిగే ప్రశ్నల్లో 'పక్కిళ్ళలో ఎవరికైనా?' అన్నది ఇప్పుడు అన్నిటికంటే పైన ఉంది. ఇంటి బయట కూడా కేసులుంటే ఇంటి వంటను అనుమానించే ముందు నీళ్ళను చూడాలి. క్యారియర్ పరీక్ష ఒక్కరి పేరు మీద ఎప్పుడూ రాయడం లేదు, ఇంటిల్లిపాదికీ ఒకే చీటీ మీద రాస్తున్నాం. 'తాగే నీళ్ళు ఏవి?' అని అడగడం మానేసి, 'నోట్లోకి వెళ్ళే నీళ్ళు ఏవేవి?' అని అడుగుతున్నాం. మొదటిదానికి ఫిల్టరు అనే జవాబు వస్తుంది, రెండోదానికి పెరటి కుళాయి బయటపడుతుంది. టైఫాయిడ్ అనుమానం ఉన్నప్పుడు యాంటీబయాటిక్ మొదటి మాత్ర కంటే కల్చర్ సీసా ముందుండాలని చుట్టుపక్కల వైద్యులకూ మందుల షాపులవాళ్ళకూ చెబుతున్నాం. ఎవరూ కాదనరు. జ్వరంతో ఉన్న మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు పాటించడమే కష్టం.

నాయనమ్మతో విడిగా కూర్చుని, మూడు రిపోర్టులూ చూపించి, పైపు బొమ్మ గీసి వివరించాం. కొడుకునూ కోడలినీ కూడా పిలిచి అదే మాట వాళ్ళ ముందు మళ్ళీ చెప్పాం. ఆవిడ లేచి వెళ్ళేటప్పుడు ఆ మూడు కాగితాలూ అడిగి తీసుకున్నారు.

ఆరు నెలల తర్వాత

కల్చర్ ఫలితాలు, తేదీలు, నీటి రిపోర్టులు జతచేసి నీటి సరఫరా చూసేవాళ్ళకు, ఆరోగ్య శాఖకు రాశాం. కాలువ కింద ఉన్న పైపు ముక్కను తీసి, కాలువకు పైనుంచి కొత్త పైపు వేశారు. అదే వీధిలో రెండిళ్ళవాళ్ళు మోటార్లు ఇంకా నేరుగానే బిగించుకుని ఉన్నారు. ఇంట్లో ఎవరికీ మళ్ళీ జ్వరం రాలేదు. అబ్బాయికి తిరగబెట్టలేదు. వంట మళ్ళీ నాయనమ్మే చేస్తున్నారు. కొత్త పైపు వేశాక పెరటి కుళాయి పాత లైను నుంచి, మొదటి ఐదు నిమిషాల్లో తీసిన నీళ్ళలో క్లోరిన్ 0.2 ఉంది, ఇ.కోలై లేదు. పైపులో మురుగు ఎక్కువగా చేరేది వానలు మొదలైన వారాల్లోనే కాబట్టి, అదే పాత లైను దగ్గర, అదే ఐదు నిమిషాల్లో, వానలు పడ్డాక ఇంకో నమూనా తీయాల్సి ఉంది.